మేలుకొనని కంప్యూటరు

మానవుడు నిర్మించిన యంత్రములలో కంప్యూటరు మిక్కిలి చిత్రమైనది. అది లెక్కలు కట్టును, ఉత్తరములు వ్రాయును, బొమ్మలు చూపును, వేలకొలది పుటల విషయమును తనలో దాచుకొని అడిగిన క్షణముననే ముందుంచును. ఇన్ని పనులు చేయు యంత్రము ఒక్కొక్కనాడు మీట నొక్కినను ఉలుకదు, పలుకదు. దీపము వెలుగదు. లోపలి పంకా తిరుగదు. తెరమీద చుక్కయైనను కానరాదు.

అట్టి సమయమున మనుష్యులు సాధారణముగ రెండు విధములుగ ప్రవర్తింతురు. కొందరు "ఇది చెడిపోయినది" అని నిరాశ చెంది, గుడ్డ కప్పి మూలకు నెట్టుదురు. మరికొందరు తొందరపడి మరలు విప్పి, కంటబడిన తీగనెల్ల లాగి చూతురు. మొదటివారి యంత్రము బాగుపడదగినదే యైనను తుప్పు పట్టిపోవును. రెండవవారి యంత్రమే గాక ప్రాణము కూడ అపాయమునకు లోనగును. ఈ రెండింటికి నడుమ మూడవ మార్గ మొకటి కలదు. అది కారణమును క్రమముగ వెదకుట.

ఈ మార్గము మన రైతులకు క్రొత్తది కాదు. కాలువ చివరనున్న పొలమునకు నీరు రానపుడు రైతు గట్టున కూర్చుండి విచారింపడు. కనబడిన గట్టునెల్ల త్రవ్వనుకూడ త్రవ్వడు. పార భుజమున వేసికొని కాలువ వెంట నడచును. ఎంతవరకు నీరు వచ్చినదో, ఎచటినుండి రాలేదో చూచును. ఆ రెండు తావుల నడుమనే లోపమున్నదని గ్రహించును. అచట తూము మూసియుండవచ్చును. గుర్రపుడెక్క అడ్డుపడి యుండవచ్చును. గట్టునకు గండి పడియుండవచ్చును. ఏదియైనను వెదకవలసిన తావు మైళ్ళనుండి గజములకు తగ్గినది. అనుభవశాలియైన రైతు మరియొక ఉపాయమును కూడ ఎరుగును. అతడు ముందుగ కాలువ నడుమకు పోయి చూచును. అచట నీరున్నచో పైసగమును వెదకవలసిన పనిలేదు. లేనిచో క్రిందిసగమును వెదకవలసిన పనిలేదు. ఒక్క చూపుతో శ్రమలో సగము తగ్గును.

కంప్యూటరునకు ప్రాణము విద్యుచ్ఛక్తి. అదియు నీటివలెనే ఒక మార్గమున వచ్చును. కాలువ ఎటు పోవునో తెలియనివాడు గండిని పట్టుకొనలేడు. కావున ముందుగ ఆ మార్గమును తెలిసికొనవలెను.

మన దేశమున ఇండ్లకును పాఠశాలలకును సరఫరా యగునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది గోడలోని సాకెట్టునుండి బయలుదేరి, అనేక స్థలములలో మొదట యు.పి.యస్. అను పెట్టెను చేరును. సరఫరా ఆగినపుడు తన బ్యాటరీనుండి కొన్ని నిమిషములపాటు శక్తినిచ్చి, చేయుచున్న పనిని భద్రపరచుకొనుటకు వ్యవధి కల్పించునది ఈ పెట్టెయే. అచటినుండి విద్యుత్తు మూడు మొనలుగల తీగద్వారా కంప్యూటరు వెనుకభాగముననున్న మరియొక పెట్టెలో ప్రవేశించును. దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. కంప్యూటరు లోపలి భాగములు సుకుమారములు. 230 వోల్టుల ధాటికి అవి నిలువజాలవు. ఎస్.ఎం.పి.ఎస్. ఆ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగ మార్చి పంచిపెట్టును. పసుపుపచ్చ తీగలు 12 వోల్టులకు, ఎర్రతీగలు 5 వోల్టులకు, నారింజరంగు తీగలు 3.3 వోల్టులకు గుర్తులు. నల్లతీగలు విద్యుత్తు తిరిగిపోవు మార్గములు. కొన్ని క్రొత్త పెట్టెలలో మాత్రము తీగలన్నియు నల్లగనే యుండును.

ఇచట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఇంటిలో దీపపు మీట వేయగనే విద్యుత్తు దీపమునకు సూటిగ పోవును. కంప్యూటరు ముందుభాగముననున్న మీట అట్టిది కాదు. అది తలుపు తట్టుటవంటిది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఎ.టి.ఎక్స్. అను నిర్మాణపద్ధతి ననుసరించి చేసిన యంత్రములలో, కంప్యూటరు నిద్రించుచున్నను, తీగ తగిలించియుండి వెనుకనున్న మీట వేసియున్నంతకాలము ఎస్.ఎం.పి.ఎస్. 5 వోల్టుల స్వల్పవిద్యుత్తును మదర్‌బోర్డు అను ముఖ్యఫలకమునకు పంపుచునే యుండును. అది కోటవాకిట మేలుకొనియున్న కావలివాని వంటిది. మీట నొక్కగనే రెండు సన్నని తీగలద్వారా ఆ వార్త మదర్‌బోర్డునకు చేరును. మదర్‌బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.నకు ఆజ్ఞ పంపును. అపుడుగాని తక్కిన విద్యుత్తులు బయలుదేరవు. అవి స్థిరపడిన పిమ్మట, అర సెకను గడువకముందే, "అంతయు సరిగనున్నది" అను సంకేతము ఎస్.ఎం.పి.ఎస్.నుండి తిరిగి వచ్చును. అది అందిన తరువాతనే ప్రాసెసరు పనికి పూనుకొనును. ఈ గొలుసులో ఏ యొక్క కొక్కెము ఊడినను యంత్రము మేలుకొనదు.

ఇట్టి యంత్రమును పరీక్షించు తీరు తెలియుటకు ఒక గ్రామములోని ఉన్నత పాఠశాలను ఊహించుకొనవచ్చును. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు కేంద్రప్రభుత్వ మొసగు ప్రతిభా ఉపకారవేతన పరీక్షకు దరఖాస్తులు పంపవలసిన దినములవి. నలుబదిమంది బాలబాలికల వివరములు పాఠశాల కంప్యూటరులో నమోదై యున్నవి. గడువునకు ఇంక రెండు దినములే కలవు. ముందటి రాత్రి ఉరుములతో పెద్దవాన కురిసెను. ఉదయమున గుమాస్తా వచ్చి మీట నొక్కగా కంప్యూటరు కదలలేదు. "రాత్రి పిడుగులకు కాలిపోయినది" అని అందరును నిశ్చయించిరి.

సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు మాత్రము ఆ మాట నంగీకరింపలేదు. ఒక బాలికను, ఒక బాలుని వెంటబెట్టుకొని ఆ గదికి వచ్చిరి. బాలిక చేతికి ఒక నోటుపుస్తక మిచ్చి, "అమ్మాయీ! ఏమి చూచితిమో, ఏమి చేసితిమో, దానివలన ఏమి జరిగినదో వరుసగ వ్రాయుము" అనిరి.

బాలుడు ఉత్సాహవంతుడు. "మాస్టారూ! తీగ మార్చుదము, వేరొక సాకెట్టున పెట్టుదము, లోపలి ర్యామ్ పలకలను కూడ తీసి తుడిచి పెట్టుదము. అన్నియు ఒక్కసారిగ చేసిన పని తీరిపోవును గదా!" అనెను.

ఉపాధ్యాయులు నవ్వి, "అట్లు చేసినపుడు యంత్రము మేలుకొన్నదనుకొనుము. ఏ మార్పువలన మేలుకొన్నదో నీకు తెలియునా? రేపు మరల ఆగినచో ఈ మూడు పనులును మరల చేయవలసినదే గదా! ఒకమారు ఒక్కటే మార్చవలెను" అనిరి.

మొదట గదిలోని పంకా తిరుగుచున్నదో లేదో చూచిరి. అది తిరుగుచున్నది, గదికి విద్యుత్తు వచ్చుచున్నది. యు.పి.యస్. మీది దీపము వెలుగుచున్నది. అదే యు.పి.యస్.కు తగిలించిన మానిటరు మీద కూడ నారింజరంగు దీపము కనబడెను. అనగా యు.పి.యస్. విద్యుత్తు నిచ్చుచున్నది. ఈ మూడు విషయములును మరల నక్కరలేకుండ కేవలము కన్నులతో తెలిసినవి. ఇంతవరకు కాలువలో నీరున్నది.

తరువాత కంప్యూటరు తీగను పరీక్షించిరి. ఆ మానిటరు తీగయు కంప్యూటరు తీగయు ఒకే జాతివి. యు.పి.యస్. ఆపి రెండు తీగలను తారుమారు చేసి, మరల వేసి చూచిరి. మానిటరు దీపము యథాప్రకారము వెలిగెను. కంప్యూటరు మాత్రము మేలుకొనలేదు. తీగలో దోషము లేదని తేలెను. ఎస్.ఎం.పి.ఎస్. వెనుకనున్న చిన్నమీట వేసియే యున్నది.

"ఉరుముల రాత్రి విద్యుత్తు ఎగసిపడినచో ఎస్.ఎం.పి.ఎస్. తన్ను తాను రక్షించుకొనుటకై మూసికొనిపోవుట కలదు. అందులో నిలిచిన విద్యుత్తు పోయిన పిమ్మట మరల తెరచుకొనవచ్చును" అని ఉపాధ్యాయులు తీగను పూర్తిగ ఊడదీయించి, ముందుమీటను అర నిముషము నొక్కిపట్టించిరి. మరల తీగ తగిలించి మీట నొక్కిరి. ఫలితము లేదు. బాలిక దానిని కూడ వ్రాసికొనెను. ఫలించని ప్రయత్నముకూడ వ్యర్థము కాదు; అది ఒక త్రోవను మూసి వెదకవలసిన తావును తగ్గించును.

అపుడు ఉపాధ్యాయులు పెట్టె ప్రక్కనున్న గాలిరంధ్రములనుండి లోపలికి చూడుమనిరి. మదర్‌బోర్డుమీద ఒక చిన్న ఆకుపచ్చ దీపము మినుకు మినుకు మనకుండ నిలకడగ వెలుగుచుండెను. "మాస్టారూ! లోపల దీపమున్నది!" అని బాలిక కేక వేసెను.

ఆ దీపము చిన్నదైనను అది చెప్పిన వార్త పెద్దది. కావలివాడు మేలుకొనియే యున్నాడు. స్వల్పవిద్యుత్తు ఎస్.ఎం.పి.ఎస్.నుండి మదర్‌బోర్డునకు చేరుచున్నది. పిడుగునకు అంతయు కాలిపోయినచో ఈ దీపము వెలుగదు. అందుచేత ఎస్.ఎం.పి.ఎస్. పూర్తిగ నిర్దోషియని చెప్పుటకు వీలులేకున్నను, తలుపు తట్టిన చప్పుడు లోపలికి చేరుచున్నదా లేదా అని ముందుగ చూడవలసియున్నది.

ఉపాధ్యాయులు తీగ ఊడదీసి, కొంతసేపు తాళి, పెట్టె ప్రక్కపలకను తామే విప్పిరి. చేతులు పెట్టుటకు ముందు పెట్టె ఇనుపభాగమును తాకిరి. పొడివాతావరణమున మనుష్యుని దేహముపై చేరు స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగములను చెరుపగలదు. లోహమును తాకినచో అది తొలగిపోవును. లోపల దుమ్ముతోపాటు ఎలుక పెంటికలు కనబడెను. ముందుమీటనుండి వచ్చు రెండు సన్నని తీగలలో నొకదానిని ఎలుక కొరికివేసెను.

ప్రక్కనే కంప్యూటరును పునఃప్రారంభించు మరియొక మీట కలదు. దాని తీగలును అట్టివే. రెండు మీటలును తాకినంతసేపే రెండు మొనలను కలుపును, విడువగనే విడదీయును. ఉపాధ్యాయులు ఆ రెండవ మీట తీగలను మొదటి మీట స్థానమున తగిలించి, పలక మూసి, విద్యుత్తు నిచ్చి నొక్కుమనిరి. బాలుడు నొక్కెను. పంకా తిరిగెను. ఒక్క "బీప్" మను ధ్వని వినబడెను. తెర వెలిగెను.

అందరును సంతోషించుచుండగా ఉపాధ్యాయులు యంత్రమును క్రమముగ ఆపి, తీగ తీసి, కొరికిన తీగలనే మరల పూర్వస్థానమున తగిలించిరి. "బాగుపడిన దానిని మరల చెరుపుట యెందులకు మాస్టారూ?" అని బాలిక అడిగెను.

"మనము తగిలించునపుడు కదలికవలన మరియేదో సర్దుకొని యంత్రము మేలుకొనియుండవచ్చును గదా! పాత తీగ పెట్టినపుడు ఆగి, క్రొత్త తీగ పెట్టినపుడు నడచినచో దోషమా తీగదే యని నిశ్చయముగ చెప్పవచ్చును" అని వారు సమాధానమిచ్చిరి. పాత తీగతో కంప్యూటరు కదలలేదు. రెండవ మీట తీగతో మరల మేలుకొనెను. ఆ సాయంకాలమునకే దరఖాస్తులన్నియు వెళ్ళిపోయినవి.

కారణమున్నచో కార్యముండుట అన్వయము. కారణము లేనిచో కార్యము లేకపోవుట వ్యతిరేకము. మన తర్కశాస్త్రజ్ఞులు కార్యకారణ సంబంధమును నిశ్చయించుటకు ఈ రెండును కావలెననిరి. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒకేసారి జరిగినంతమాత్రమున కాకి పండును రాల్చినదని చెప్పరాదు; అది కాకతాళీయము. వాన కురిసిన రాత్రియే ఎలుక తీగను కొరికినది. ఉరుములు అందరికి వినబడినవి. ఎలుక పండ్ల చప్పుడు ఎవ్వరికిని వినబడలేదు. పెద్దగ వినబడినదే కారణమని నమ్ముట మనుష్యస్వభావము. పరీక్షించి తెలిసికొనుట శాస్త్రస్వభావము.

అన్ని యంత్రములకును ఇదే రోగము కలుగదు. కావున లక్షణమును సరిగ గుర్తించుట ముఖ్యము. దీపముగాని పంకాగాని కదలనిచో పైన చెప్పిన మార్గమున వెదకవలెను. పంకా ఒక్క క్షణము తిరిగి ఆగిపోవుచున్నచో లోపల ఎచటనో విద్యుత్తు అడ్డదారి పట్టినదని అనుమానింపవచ్చును. రాలిన మర యొకటి మదర్‌బోర్డుమీద పడినను, జోడించిన భాగములలో నొకటి చెడినను ఇట్లు జరుగును. నిపుణులు అదనపు భాగములను ఒక్కొక్కటిగ తొలగించి చూచి దోషిని పట్టుకొందురు. పంకాలు తిరుగుచు దీపము వెలుగుచు తెరమాత్రము నల్లగనున్నచో, కంప్యూటరునకు విద్యుత్తు చేరినదనియే అర్థము. అపుడు మానిటరు తీగను, దాని మీటను, ర్యామ్ పలకలు గట్టిగ కూర్చున్నవో లేదో పరీక్షింపవలెను. కంప్యూటరు మేలుకొనుచు తనను తాను పరీక్షించుకొని, లోపమున్నచో కొన్ని ధ్వనులద్వారా తెలుపుటయు కలదు.

ఎంతవరకు వెదకవలెనో తెలియుట ఎంత అవసరమో, ఎచట ఆగవలెనో తెలియుట అంతకంటె అవసరము. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎన్నడును విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖరస్థితిలో సుమారు 325 వోల్టులకు చేరును. ఆ పెట్టెలోని కెపాసిటర్లు అంతటి విద్యుత్తును నిలువచేసికొనును. తీగ ఊడదీసిన తరువాత కూడ అది కొంతకాలము వానిలో నుండవచ్చును. ఆరిన నిప్పని బూడిదలో చేయి పెట్టినవాని గతి, తీగ తీసితినను ధైర్యముతో ఆ పెట్టెను విప్పినవానికి పట్టును. కాలిన వాసనగాని పొగగాని వచ్చినను, యంత్రము తడిసినను, గోడ మీట ఆపి పెద్దలకు తెలుపవలెను. తడిచేతులతో ప్లగ్గును తాకరాదు. మూడవ మొన విరిగిన ప్లగ్గును వాడరాదు. అది విద్యుత్తును భూమికి మళ్ళించి మనుష్యుని కాపాడునది. కొన్ని ఎస్.ఎం.పి.ఎస్.ల వెనుక 115, 230 అను అంకెలుగల ఎర్రమీట యుండును. మన దేశమున దానిని 230 మీదనే యుంచవలెను. 115 వైపు జరిపి విద్యుత్తు నిచ్చినచో యంత్రము చెడును. ప్రక్కపలకను విప్పవలసివచ్చినపుడు, తీగను ఊడదీసి, తెలిసిన పెద్దవారే విప్పవలెను.

మరియొక విషయము. కంప్యూటరు మేలుకొననంతమాత్రమున అందులో దాచిన విషయము నశించినదని దుఃఖింప నక్కరలేదు. విషయముండునది డిస్కులో. దారి తెగినను ధాన్యము గాదెలో భద్రముగనే యుండునట్లు, విద్యుత్తు చేరకున్నను డిస్కులోని వ్రాతలు సాధారణముగ చెక్కుచెదరవు. డిస్కును వేరొక యంత్రమునకు జోడించి వానిని చదువవచ్చును. ఐనను ముఖ్యమైనవానికి మరియొక ప్రతిని వేరొకచోట నుంచుకొనుట వివేకుల లక్షణము.

ఆ బాలిక వ్రాసిన నోటుపుస్తకము వంటిదే యొకటి కంప్యూటర్ల చరిత్రలో ప్రసిద్ధి కెక్కినది. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను పెద్ద కంప్యూటరు సరిగ పనిచేయలేదు. పరిశీలకులు వెదకివెదకి, ఒక రిలే మీట నడుమ చిక్కుకొన్న చిమ్మటను కనుగొనిరి. యంత్రదోషమును "పురుగు" అని పిలుచుట ఇంజనీర్లలో అంతకుముందే వాడుకలో నుండెను. నాడు నిజమైన పురుగే దొరకినది. వారు దానిని విసరివేయలేదు. దినచర్యపుస్తకమున అంటించి, అది ఎన్నవ పలకలో, ఎన్నవ రిలేలో దొరకినదో, ఏ వేళ దొరకినదో వ్రాసియుంచిరి. ఆ పుస్తకము అమెరికా జాతీయ చరిత్ర వస్తుప్రదర్శనశాలకు చేరినది.

అచట చిమ్మట, ఇచట ఎలుక. యంత్రములు మారినను వెదకు పద్ధతి మారలేదు. మార్గము నెరుగుట, లక్షణమును గమనించుట, ఒకమారు ఒక్కటే మార్చుట, ఫలితమును వ్రాసికొనుట, కారణమును రెండువిధముల నిశ్చయించుట, అపాయమున్నచోట ఆగుట, ఇవియే ఆ పద్ధతిలోని మెట్లు. ఈ మెట్లు ఎక్కుట నేర్చినవాడు కంప్యూటరునే కాదు, నీరెత్తని మోటారును, వెలుగని దీపమును, తేలని లెక్కను కూడ భయపడక సమీపింపగలడు.

ప్రశ్నలు

1. కాలువ చివరి పొలమునకు నీరు రానపుడు రైతు చేయు పనికిని, కంప్యూటరులో లోపము వెదకుటకును గల పోలిక నెట్టిది?
2. దీపపు మీటకును కంప్యూటరు మీటకును భేదమేమి?
3. మదర్‌బోర్డుమీది ఆకుపచ్చ దీపమువలన ఉపాధ్యాయులు ఏమి గ్రహించిరి?
4. బాగుపడిన యంత్రమునకు పాత తీగలనే మరల తగిలించుటకు కారణమేమి?
5. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఏల విప్పరాదు?
6. కాకతాళీయమునకు మీ అనుభవమునుండి ఒక ఉదాహరణము వ్రాయుడు.